పైకి కనబడని దెబ్బ: దక్షిణ ఒడిశా సరిహద్దులో అత్యవసర ఆపరేషన్లు ఎక్కడ ఆలస్యమవుతున్నాయి

సంక్షిప్తంగా: కడుపులో, ఛాతీలో తగిలే అరుదైన దెబ్బల్లో చాలావాటికి మొదటి కొన్ని గంటల్లో పైకి ఏ గుర్తూ ఉండదు. ఒడిశా సరిహద్దు జిల్లాల్లో రోగి ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి, తరచుగా ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మారేది సరిగ్గా ఆ గంటల్లోనే. పరీక్ష చేసే డాక్టరు మారతాడు, ముందు పరీక్షలో ఏం తేలిందో చెప్పే కాగితం మాత్రం చాలాసార్లు వెంట రాదు.

రాయగడ, గుణుపురం ప్రాంతాల్లో చింతపండు దులిపే కాలం వస్తే చెట్టు మీద నుంచి పడినవాళ్లు ఆసుపత్రులకు రావడం మామూలే. జీలుగు కల్లు గీసేవాళ్లకూ ఇదే ప్రమాదం. మాదిరికి ఒక కేసు అనుకుందాం. ముప్పై ఏళ్ల మనిషి కొమ్మ విరిగి పడ్డాడు, ఎడమ డొక్కకు కింది కొమ్మ గట్టిగా తగిలింది. లేచాడు, నడిచాడు, మంచినీళ్లు తాగాడు. ఎక్స్‌రేలో ఒక పక్కటెముక చిట్లినట్టు కనబడింది. బీపీ బాగానే ఉంది. నొప్పికి ఇంజక్షన్ వేసి ఇంటికి పంపారు. మూడో రోజు పొద్దున చెంబు పట్టుకుని బయటికి వెళ్లినవాడు అక్కడే కళ్లు తిరిగి కూలబడ్డాడు.

ఇందులో డాక్టరు చేసిన పెద్ద తప్పంటూ లేదు, చేయకుండా వదిలేసిన పని ఒకటుంది. అదేమిటో తెలియాలంటే ఈ దెబ్బలు లోపల ఎలా నడుస్తాయో ముందు చూడాలి.

మొదటి పరీక్షలో అంతా బాగానే ఉంటుంది

పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో ముప్పావు లీటరు పోయినా వయసులో ఉన్న మనిషికి బీపీ దాదాపు కదలదు. రక్తనాళాలు ముడుచుకుంటాయి, గుండె వేగం పెంచుకుంటుంది, చేతులూ కాళ్లూ చల్లబడతాయి. ఈ సర్దుబాటుతో శరీరం లీటరున్నర దాకా నెట్టుకొస్తుంది. బీపీ పడిందని నర్సు పిలిచే సరికి మూడో వంతు రక్తం లోపలే కారిపోయి ఉంటుంది. కాబట్టి రిఫరల్ చీటీ మీద ‘బీపీ 110/80, నిలకడగా ఉంది’ అన్న మాట పెద్దగా ఏమీ చెప్పదు. నాడి తొమ్మిది గంటలకు 88, పదిన్నరకు 104, పన్నెండుకు 118 అని ఉంటే అది చాలా చెబుతుంది.

హిమోగ్లోబిన్ కూడా అంతే. కారేది చిక్కని రక్తమే, మిగిలేదీ చిక్కని రక్తమే. సెలైన్ ఎక్కించాకో, శరీరం తన నీటిని రక్తనాళాల్లోకి లాక్కున్నాకో గానీ అంకె పడదు. పైగా ఈ జిల్లాల్లో రక్తహీనత బాగా ఎక్కువ. 8 గ్రాములు కనబడితే అది పాతదా, ఈ పూట పోయిన రక్తం వల్లా అన్నది ఒక్క పరీక్షతో తేలే ప్రశ్న కాదు. రెండు గంటల తరువాత మళ్లీ చూస్తేనే తేలుతుంది.

అల్ట్రాసౌండ్‌తో నాలుగు చోట్ల చూసే అత్యవసర స్కాన్ ఒకటుంది. కాలేయం పక్కన, ఎడమ డొక్కలో ఉండే ప్లీహం పక్కన, పొత్తికడుపులో, గుండె చుట్టూ నీరు చేరిందా అని వెతుకుతుంది. వైద్యులు దీన్ని ఫాస్ట్ అంటారు. కడుపులో కనీసం 200 మిల్లీలీటర్ల పైచిలుకు ద్రవం చేరితే గానీ ఇది పట్టుకోలేదు. చిన్నపేగు చిల్లు పడితే మొదట్లో కారేది అంతకంటే చాలా తక్కువ. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో డయాఫ్రం (ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే కండరపు గోడ) కింద గాలి కనబడితే పేగు చిల్లు దాదాపు ఖాయమే. కానీ చిన్నపేగులో గాలి తక్కువ కాబట్టి ఎక్స్‌రేలో గాలి లేనంత మాత్రాన చిల్లు లేదని కాదు.

ఇలాంటి కేసుల్లో అన్నిటికంటే నమ్మదగినది చేత్తో చూడటమే. పొద్దున మెత్తగా ఉన్న కడుపు సాయంత్రానికి చెయ్యి వేయనివ్వకుండా బిగుసుకుంటే పేగు చిట్లినట్టే అనుకోవాలి. ఈ మార్పు రావడానికి ఆరు నుంచి పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. మార్పును పట్టాలంటే పొద్దున చూసిన మనిషే సాయంత్రం కూడా చూడాలి, లేదా పొద్దున ఏం చూశాడో సాయంత్రం చూసేవాడికి తెలియాలి. నొప్పి మందు వేస్తే జబ్బు కప్పుకుపోతుందని పాతకాలం భయం ఒకటి ఇంకా చాలా చోట్ల ఉంది. కడుపునొప్పి రోగుల మీద తరువాత జరిగిన అధ్యయనాలు దాన్ని బలపరచలేదు. మళ్లీ చూసేవాళ్లు లేకపోవడమే అసలు ప్రమాదం.

స్కాన్‌ను కూడా మళ్లీ మళ్లీ చేయవచ్చు. అక్కడో చిక్కుంది. లింగనిర్ధారణను అడ్డుకునే 1994 నాటి చట్టం కింద ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రమూ రిజిస్టరు కావాలి, చేతిలో పట్టుకుపోయే యంత్రాల మీద ఆంక్షలు ఇంకా ఎక్కువ. చట్టం ఉద్దేశం సరైనదే. కానీ రాత్రి రెండు గంటలకు క్యాజువాలిటీలో ఉండాల్సిన యంత్రం స్కానింగ్ గదిలో తాళం వెనక ఉండటానికి అది కూడా ఒక కారణం.

బల్ల ఉన్న కడుపు

ఎడమ పక్కటెముకల చాటున ఉండే ప్లీహం మామూలుగా చేతికి తగలదు. మలేరియా పదే పదే వచ్చిన మనిషిలో అది పెరిగి పక్కటెముకల కిందికి దిగుతుంది. కడుపులో బల్ల ఉందని ఊళ్లో అనేది దీన్నే. పెరిగిన ప్లీహానికి ఎముకల కాపు ఉండదు, పైపొర పలచబడుతుంది. సైకిల్ హ్యాండిల్ పొడుచుకున్నా, గేదె తన్నినా, గట్టు మీద జారి పడినా చిట్లవచ్చు. కోరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి చాలాకాలంగా మలేరియా జిల్లాలు. మారుమూల గ్రామాల్లో మూకుమ్మడి పరీక్షలు చేసే ‘దమన్’ కార్యక్రమం వచ్చాక కేసులు బాగా తగ్గాయి. అయినా పాత జ్వరాల బల్లలు ఇంకా ఉన్నాయి.

దీనికి సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు, తోడవుతుంది. 2023 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌లో ఒడిశా గిరిజన జిల్లాలు ఉన్నాయి. ఆఫ్రికా మూలాల వారిలో సికిల్ సెల్ జబ్బు ఉంటే ప్లీహం చిన్నతనంలోనే ఎండిపోతుంది. ఒడిశాలో కనబడే రకంలో మాత్రం పెద్దయ్యాక కూడా అది పెద్దదిగా మిగిలిపోవడం తరచూ చూస్తారు. ఇంకో ఇబ్బంది, సికిల్ సెల్ నొప్పి అచ్చం ఆపరేషన్ అవసరమైన కడుపునొప్పిలా వస్తుంది. దెబ్బ తగిలిందని వచ్చిన మనిషికి ఈ జబ్బు కూడా ఉంటే ఏ నొప్పి దేనిదో తేల్చడం అనుభవజ్ఞుడికి కూడా కష్టమే. ఆపరేషన్‌కు తీసుకెళ్లాల్సి వస్తే ఒంటిని వెచ్చగా ఉంచడం, నీరు, ఆక్సిజన్ తగ్గకుండా చూడటం మత్తు డాక్టరు పనిలో ముఖ్య భాగమవుతుంది.

పైపొర నిలిచి, లోపల మాత్రమే చిట్లిన ప్లీహం రక్తాన్ని కొన్నాళ్లు తనలోనే పట్టి ఉంచుతుంది. తరువాత దగ్గో, తుమ్మో, బరువెత్తడమో చాలు, పొర తెగుతుంది. 48 గంటలు దాటాక పగిలితే ఆలస్యపు పగులుగా లెక్కిస్తారు. వారం పది రోజుల తరువాత పగిలినవీ ఉన్నాయి. చింతచెట్టు మీద నుంచి పడిన మనిషికి మూడో రోజు జరిగింది ఇదే.

వైద్యంలో ఊరికీ నగరానికీ ఉన్న తేడా ఇక్కడ బాగా తెలుస్తుంది. బీపీ నిలిచి ఉన్న ప్లీహం గాయానికి ఇవాళ పెద్ద కేంద్రాల్లో కోత పెట్టరు. సీటీ తీసి, ఐసీయూలో పడుకోబెట్టి, అవసరమైతే రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి కారే చోటును మూసేస్తారు. విశాఖలో ఇది సాధ్యం. కానీ కోత పెట్టకుండా కనిపెట్టుకుని ఉండటానికి కోత పెట్టడం కంటే ఎక్కువ ఏర్పాట్లు కావాలి. గంట గంటకూ చూసే మనిషి, పక్కనే రక్తం, పిలిస్తే పావుగంటలో వచ్చే సర్జన్ ఉండాలి. ఇవి లేని సబ్‌డివిజన్ ఆసుపత్రిలో అదే గాయానికి దారులు రెండే: ప్లీహం తీసేయడం, లేదా పంపేయడం. చిన్న ఆసుపత్రిలో పెద్ద ఆపరేషన్ ఎందుకు చేశారని తరువాత ఎవరైనా అడిగితే జవాబు ఇందులోనే ఉంది.

ఛాతీలోకి ఎక్కిన పొట్ట

ఛాతీకీ కడుపుకీ మధ్య గోడ డయాఫ్రం. ఎత్తు నుంచి పడినప్పుడు, ట్రాక్టరు తిరగబడి మీద పడినప్పుడు కడుపులో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి ఈ గోడ చిరుగుతుంది. కుడివైపు కాలేయం అడ్డంగా ఉంటుంది కాబట్టి ఎక్కువగా ఎడమవైపే చిరుగుతుంది. మామూలు జనరల్ సర్జన్ తన ఉద్యోగకాలం మొత్తంలో ఇలాంటివి కొన్నే చూస్తాడు.

ఊపిరి పీల్చిన ప్రతిసారీ ఛాతీలో ఒత్తిడి తగ్గుతుంది, కడుపులోనిది పైకి లాగబడుతుంది. ఎప్పుడూ కదిలే కండరం కనుక ఆ చిరుగు తనంతట తాను అతుక్కోదు. మొదట వేలు పట్టేంత చిరుగు, అందులోంచి కొద్దిగా కొవ్వు. నెలల తరువాత పేగో, జీర్ణాశయమో జారి, మెలిపడి, రక్తం అందక కుళ్లుతుంది. 1579లోనే ఫ్రెంచ్ సర్జన్ ఆంబ్రోయిజ్ పారె ఒక సైనికాధికారి కేసు రాశాడు. తూటా తగిలి బతికిన ఎనిమిది నెలలకు పేగు బిగుసుకుని చనిపోయాడు. శవపరీక్షలో డయాఫ్రంకు చిటికెన వేలి కొన పట్టేంత రంధ్రం కనబడింది.

నాలుగు శతాబ్దాలు గడిచినా తప్పుదోవ పట్టించే తీరు అదే. ఎక్స్‌రేలో ఎడమ ఊపిరితిత్తి కింద గాలితో నిండిన గుండ్రటి నీడ కనబడుతుంది. ఛాతీలో గాలి చేరిందనుకుని గొట్టం వేస్తే అది నేరుగా జీర్ణాశయంలోకి దిగుతుంది. దీన్ని తప్పించడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. ముందుగా ముక్కులోంచి కడుపులోకి సన్నని గొట్టం వేసి మళ్లీ ఎక్స్‌రే తీయాలి. గొట్టం కొన ఛాతీలో చుట్ట చుట్టుకుని కనబడితే పొట్ట పైకెక్కినట్టే. స్టెతస్కోపుతో ఛాతీ మీద పేగుల గుడగుడ వినబడటం ఇంకో ఆనవాలు. సీటీ ఉంటే ఎక్కువ భాగం పట్టుబడతాయి, అన్నీ కాదు.

ఎలుగు, ఎద్దు, బాణం

ఇప్పపూలు రాలే మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున పూలు ఏరడానికి జనం వస్తారు, అదే వేళకు ఎలుగులూ వస్తాయి. సరిహద్దుకు ఇవతల ఉద్దానం జీడితోటల్లోనూ ఎలుగుల బెడద ఉంది. ఎలుగు నిలబడి ముఖం మీద, నెత్తి మీద కొడుతుంది. గాయం చూడటానికే భయంకరంగా ఉంటుంది కాబట్టి చుట్టూ ఉన్నవాళ్ల కళ్లన్నీ రక్తం మీదే ఉంటాయి. ప్రాణం తీసేది మాత్రం చాలాసార్లు ఊపిరి దారి. కింది దవడ రెండు పక్కలా విరిగితే నాలుకకు ముందున్న పట్టు పోతుంది. వెల్లకిలా పడుకోబెడితే నాలుక వెనక్కి జారి, రక్తంతో కలిసి గొంతు మూసేస్తుంది. స్పృహ ఉన్న మనిషి ముందుకు వంగి కూర్చుంటానంటే కూర్చోనివ్వాలి. అంబులెన్సులో బలవంతంగా వెల్లకిలా కట్టేయకూడదు. స్పృహ లేకపోతే మెడ కదలకుండా పట్టుకుని పక్కకు తిప్పాలి. దారి పూర్తిగా మూసుకుపోతే గొంతు ముందుభాగంలో కోసి గొట్టం వేయడం ఒక్కటే మార్గం.

ముఖానికి రక్తప్రసరణ ఎక్కువ, అందుకే బాగా కడిగి కుడితే ఒక రోజు ఆలస్యమైనా అతుకుతుంది. వేలాడే చర్మం ముక్కను కోసి పారేయకూడదు. అడవి జంతువు గాయాన్ని దేశంలో రేబిస్ విషయంలో మూడో తరగతి, అంటే అన్నిటికంటే తీవ్రమైన తరగతి, కిందే చూస్తారు. అంటే సబ్బునీళ్లతో కడగడం, టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్, ఆ తరువాతే కుట్లు. ఎలుగు గాయం హడావుడిలో కుట్లు ముందు పడి, ఇమ్యునోగ్లోబులిన్ వెనకబడటం జరిగే పొరపాటే.

ఎద్దు కొమ్ము గాయం దీనికి తలకిందులు. బయట రెండు అంగుళాల రంధ్రం, లోపల కొమ్ము తిరిగిన దారి ఒక జానెడు, ఒక్కోసారి రెండు మూడు దిక్కులకు. మట్టి, పేడ లోపలికి పోయి ఉంటాయి. పైన రెండు కుట్లు వేసి పంపేస్తే నాలుగో రోజుకు చీముతోనో, కడుపు బిగుసుకునో తిరిగి వస్తారు. బాణం, వెదురు ముక్క గుచ్చుకుంటే లాగకూడదు. తెగిన రక్తనాళానికి అదే బిరడా. కదలకుండా కట్టి, పొడుగు ఎక్కువైతే బయటిభాగం కత్తిరించి, ఆపరేషన్ గదిలోనే తీయాలి.

సరిహద్దు ఏం చేస్తుంది

పర్లాకిమిడి నుంచి పాతపట్నం పక్కనే. అక్కడి గాయపడ్డ మనిషికి తమ రాష్ట్రపు పెద్దాసుపత్రి బరంపురంలో ఉంది, ఎంకేసీజీ. ఆంధ్రవైపు శ్రీకాకుళం దానికంటే దగ్గర. రాయగడ వాళ్లకు పార్వతీపురం, విజయనగరం మీదుగా విశాఖ కేజీహెచ్. కోరాపుట్, జయపురం వాళ్లకు 2017లో వచ్చిన శహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ సొంత జిల్లాలోనే ఉంది, అక్కడ కుదరనివి సుంకి ఘాటీ దిగి సాలూరు మీదుగా మళ్లీ విశాఖకే. ఆ దారి 200 కిలోమీటర్ల దాకా ఉంటుంది. మల్కన్‌గిరి కింది కొస మోటు నుంచి భద్రాచలం వైపు దిగుతారు. మహారాష్ట్రలో సిరొంచ పరిస్థితీ ఇలాంటిదే. జిల్లా కేంద్రం గడ్చిరోలి దూరం, గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం, అక్కడి నుంచి వరంగల్ ఎంజీఎం.

దూరం ఒక్కటే అయితే దారిలో రోగిని చూసుకుంటే సరిపోయేది. సరిహద్దు చేసేది ఇంకోటి. 108 సేవ ఆంధ్రలో 2005లో, ఒడిశాలో 2013లో మొదలైంది. ఏ రాష్ట్రపు కాల్ సెంటర్ దానిదే. సరిహద్దు ఊళ్లో ఫోన్ అవతలి టవర్‌ను పట్టుకుంటే కాల్ అవతలి రాష్ట్రానికి పోయే సందర్భాలూ ఉంటాయి. రాష్ట్రం దాటాల్సిన రోగికి చాలామంది ప్రైవేటు బండి మాట్లాడుకుంటారు. అందులో నర్సు ఉండదు, నాడి రాసేవాళ్లు ఉండరు. అంటే ప్లీహం, పేగు, డయాఫ్రం నిశ్శబ్దంగా ఉండే ఆ నాలుగైదు గంటల్లో కనిపెట్టి చూసే కళ్లే లేవు. అవతలి క్యాజువాలిటీలో పరీక్ష సున్నా నుంచి మొదలవుతుంది. అక్కడి డాక్టరుకు అది మొదటి పరీక్ష, మొదటి పరీక్షలో అంతా బాగానే ఉంటుందని పైన చూశాం.

జరిగిందేమిటో చెప్పడంలోనూ తేడా వస్తుంది. రాయగడ కొండల్లో రోగి మాట్లాడేది కువి, గుణుపురం, గజపతి వైపు సవర, మోటు దగ్గర కోయ. అతని మాట ఒడియాలోకి, అక్కడి నుంచి తెలుగులోకి మారేసరికి ‘కొమ్మ మీద పడి, అక్కడి నుంచి బండ మీద పడ్డాడు’ కాస్తా ‘పడ్డాడు’ అయిపోతుంది. ఏ భాగం ముందు తగిలింది, ఎంత ఎత్తు నుంచి అన్నవి తెలిస్తే ఎక్కడ వెతకాలో సగం తెలుస్తుంది. పోలీసు కేసవుతుందన్న భయంతో కర్ర దెబ్బను చెట్టు మీద నుంచి పడ్డట్టు చెప్పడమూ ఉంది. చికిత్స ముందు, పోలీసు కాగితాలు తరువాత అని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం ప్రకారం ఏ రాష్ట్రపు స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ పెట్టవచ్చు. ఈ రెండూ తెలియక ఆగిపోయే బళ్లు ఇంకా ఉన్నాయి.

డబ్బు విషయానికొస్తే దారి కొంత తేలికైంది. ఒడిశా 2025లో ఆయుష్మాన్ భారత్‌లో చేరడంతో కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా పథకంలో ఉన్న వేరే రాష్ట్రపు ఆసుపత్రిలోనూ చెల్లుతుంది. అదే ఏడాది కేంద్రం తెచ్చిన రోడ్డు ప్రమాద పథకం కింద ఏడు రోజుల పాటు లక్షన్నర దాకా నగదు లేని వైద్యం ఉంది. అయితే అది మోటారు వాహన ప్రమాదాలకే. చెట్టు, ఎద్దు, ఎలుగు దాని కిందికి రావు.

సగంలో ఆపే ఆపరేషన్

చిన్న ఆసుపత్రి చేయగలిగింది చాలానే ఉంది. 40 దేశాల్లో 20 వేల మందికి పైగా రోగులతో జరిగి 2010లో ఫలితాలొచ్చిన క్రాష్-2 అధ్యయనం, రక్తం కారడాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ మందు గాయపడినవారిలో మరణాలను తగ్గిస్తుందని చూపింది. చవక మందు, ప్రసవాల కోసం చాలా ఆసుపత్రుల్లో ఇప్పటికే ఉంటుంది. షరతు ఒక్కటే, దెబ్బ తగిలిన మూడు గంటల లోపు ఇవ్వాలి. ఆ తరువాత ఇస్తే మేలు లేకపోగా కీడు కనబడింది. సరిహద్దు దాటాక ఇద్దాంలే అనుకునే మందు కాదిది, మొదటి ఆసుపత్రిలోనే పడాలి. సెలైన్ సీసాల మీద సీసాలు ఎక్కించడం మాత్రం తగ్గాలి. అది రక్తాన్ని పలచన చేసి, ఒంటిని చల్లబరచి, గడ్డకట్టే గుణాన్ని చెడగొడుతుంది.

కడుపు తెరవక తప్పనప్పుడు అంతా ఒకేసారి బాగుచేయాలన్న పట్టుదల పనికిరాదు. 1993లో అమెరికన్ సర్జన్లు ‘డ్యామేజ్ కంట్రోల్’ అని పేరు పెట్టిన పద్ధతి ఇది. పగిలిన కాలేయం చుట్టూ గుడ్డలు గట్టిగా కూరడం, చిల్లుపడ్డ పేగును కట్టేయడం, కారుతున్న నాళాన్ని బిగించడం, కడుపును తాత్కాలికంగా మూసి గంటలో బయటపడటం. ఒళ్లు వేడెక్కి, రక్తం ఎక్కాక ఒకటి రెండు రోజుల్లో మిగతా పని. ఆ మిగతా పని వేరే ఊళ్లో, వేరే సర్జన్ చేయవచ్చు. రాయగడ జిల్లా బిస్సంకటక్‌లోని క్రిస్టియన్ హాస్పిటల్ లాంటి మిషన్ ఆసుపత్రులు దశాబ్దాలుగా బ్లాక్ స్థాయిలోనే సర్జరీ చేస్తున్నాయి, అలాంటి చోట ఈ పద్ధతి బాగా నప్పుతుంది. లోపల ఎన్ని గుడ్డలు కూరారో, ఏ నాళం కట్టారో, ఏ గంటకు కట్టారో చీటీ మీద ఉండాలి. అది లేకపోతే రెండో సర్జన్ కడుపు తెరిచి వెతుక్కోవాలి.

కాబట్టి ఈ జిల్లాల్లో కొత్త సీటీ యంత్రం ఒకటి పెడితే వచ్చే మేలు కంటే, దెబ్బ తగిలిన వేళ, నాడి, కడుపు తీరు, ఇచ్చిన మందు గంటల వారీగా రాసిన ఒక పేజీ వెంట పంపితే వచ్చే మేలు ముందుగా అందుతుందని చెప్పవచ్చు. ఫోన్‌లో ఫొటో తీసి పంపినా చాలు. అనుమానం ఉన్న రోగిని పంపకుండా కనీసం ఒక రాత్రి ఉంచుకుని చూసే రెండు మంచాలు సబ్‌డివిజన్ ఆసుపత్రిలో ఉంటే చెట్టు మీద నుంచి పడిన మనిషి మూడో రోజు దాకా వెళ్లకపోవచ్చు.

ప్లీహం తీశాక

ఇంటికి వెళ్లాక మొదలయ్యే భాగం కూడా సరిహద్దు దగ్గరే తెగిపోతుంది. ప్లీహం లేని మనిషికి న్యూమోకాకస్ లాంటి సూక్ష్మజీవుల ఇన్‌ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది. అలా ముదిరినవారిలో సగం మంది దాకా చనిపోయే ప్రమాదం ఉంది. అత్యవసరంగా తీసినప్పుడు న్యూమోకాకస్, మెనింజోకాకస్, హిబ్ టీకాలను ఆపరేషన్ అయిన 14 రోజుల తరువాత వేస్తే బాగా పనిచేస్తాయి. విశాఖలో పదో రోజున డిశ్చార్జి అయిన రాయగడ మనిషి పద్నాలుగో రోజుకు కొండ మీద ఊళ్లో ఉంటాడు. మళ్లీ రమ్మంటే బండి ఖర్చు భయం. అందుకే చాలాచోట్ల వాళ్లు పూర్తిగా 14 రోజులు ఆగకుండా డిశ్చార్జి రోజునే వేసి పంపుతారు. అసలు పడకపోవడం కంటే అది నయం. పైగా అతను వెళ్లేది దోమలున్న ఊరికే. ప్లీహం లేనివారిలో మలేరియా తీవ్రంగా రావచ్చు. జ్వరం వస్తే రేపు చూద్దాం అనకుండా అదే పూట రక్తపరీక్ష, యాంటిబయాటిక్ కావాలి. డిశ్చార్జి కాగితం మీద ఈ మాట తెలుగులో మాత్రమే ఉంటే ఊళ్లో ఆశా కార్యకర్త చదవలేదు. ఒడియాలో కూడా రాయడానికి పట్టేది ఒక వాక్యం.